పాటల పందిరి: ఈ నెల మీరేం విన్నారు?

"ఈమధ్య మీరు ఇష్టంగా వింటున్న ఆల్బమ్ ఏది? అందులో ఏం నచ్చింది, ఏం నచ్చలేదు?" అని పోయిన సంచికలో అడిగాను. విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి నుంచి ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొందరు అభిప్రాయం రాసి ఊరుకోకుండా నన్నే నిలదీశారు. ముందు ఆ ఉత్తరాలే తీసుకున్నాను.

కొత్తగా ఈ శీర్షిక చదువుతున్నవారి కోసం ఒక్క మాట. గుంటూరు అరండల్‌పేటలో నేనూ మా అన్నయ్యా చాలా ఏళ్లు క్యాసెట్ రికార్డింగ్ షాపు నడిపాం. జనం పాటల చీటీ తెచ్చి ఇచ్చేవారు. రికార్డింగ్ పని అన్నయ్యది. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో వరస వేయడం, క్యాసెట్ అట్ట మీద పేర్లు రాయడం నా పని. ఇక్కడ నేను చెప్పే అభిప్రాయాలన్నీ ఆ కుర్చీలో కూర్చుని విన్న పాటల వల్ల ఏర్పడ్డవే.

ప్రశ్న: రిటైరయ్యాక పొద్దున్నే ఘంటసాల భగవద్గీత పెట్టుకోవడం అలవాటైంది. మా అపార్ట్‌మెంటులో ఇద్దరు ముగ్గురు తలుపు కొట్టి "ఏమైందండీ, ఎవరికేమైంది?" అని అడిగారు. మా కోడలు కూడా "మామయ్యగారూ, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, అది మాత్రం వద్దండీ" అంటోంది. నేను మానుకోవాలా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, పటమట, విజయవాడ

జవాబు: మానుకోవద్దండి. అలాగని మీ కోడలి మీద కోపమూ పెట్టుకోవద్దు. ఆ అమ్మాయి పుట్టి బుద్ధి ఎరిగిన దగ్గర్నుంచీ ఆ గొంతు ఎక్కడ విని ఉంటుంది? పోయినవాళ్ల ఇంటి ముందు షామియానా కింద విని ఉంటుంది, వీధిలోంచి వెళ్లే వైకుంఠ రథం మైకులో విని ఉంటుంది. అలా విన్నవాళ్లకి ఆ మొదటి శ్లోకం చెవిన పడగానే గుండె జారిపోవడం సహజం.

అసలు ఆ రికార్డుకి చావు వాసన ఎలా అంటిందో నాకు తోచింది చెబుతాను. ఘంటసాల గారు 1974 ఫిబ్రవరి 11న పోయారు. ఆయన పోయాక, ఆ ఏడాదే హెచ్.ఎం.వి. వాళ్లు భగవద్గీత రికార్డు విడుదల చేశారు. తెలుగువాళ్లు దాన్ని మొట్టమొదట విన్నదే ఆయన లేరన్న దుఃఖంలో. దానికి తోడు రెండో అధ్యాయంలో "జాతస్య హి ధ్రువో మృత్యుః" లాంటి శ్లోకాలు ఉన్నాయి. పుట్టినవాడికి చావు తప్పదన్న మాట ఆ గొంతులో వింటే, ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లకి కాస్త ఊరట దొరుకుతుంది. అలా మొదలైంది ఆచారమై కూర్చుంది. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఒక రికార్డు అన్ని లక్షల ఇళ్లలో అంత కష్టకాలంలో తోడుండటం చిన్న సంగతి కాదు.

నా బాధల్లా ఒక్కటే. ఆ ఇళ్లలో దాన్ని ఎవరూ మొదటి నుంచి చివరి దాకా వినరు. వచ్చేవాళ్లు వస్తుంటారు, వెళ్లేవాళ్లు వెళ్తుంటారు. మధ్యలోంచి ఒక ముక్క చెవిన పడుతుంది, అంతే. మొత్తం విన్నవాళ్లకి తెలుస్తుంది అది ఎంత శ్రద్ధగా కట్టిన ఆల్బమో. ఎంచుకున్న శ్లోకాలు పాడుతూ, వెనువెంటనే తెలుగు తాత్పర్యం మామూలు మాటల్లో చెబుతూ వెళ్తారు. పాడే గొంతు ఒకటి, చెప్పే గొంతు ఒకటి. పాడే గొంతులో విజయనగరం సంగీత కళాశాల చదువు ఉంటుంది. పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న మనిషి కదా, రాగం కోసం ఎక్కడా మాటని విరవరు. చెప్పే గొంతులో మాత్రం సంగీతం చూపించాలన్న ఆత్రం ఉండదు. ఒక్కొక్క మాట ఆగి ఆగి, ఎదుటివాడికి అందిందా లేదా అని చూసుకుంటున్నట్టు చెబుతారు. ఈ రెండు గొంతులూ మారే చోటు శ్రద్ధగా వినండి. శ్లోకం చివరి స్వరం ఆగీ ఆగకముందే మాట అందుకుంటుంది.

మీ కోడలికి ఒక సాయంత్రం చెప్పండి, "అమ్మా, ఒక్కసారి నాతో కూర్చుని మొదటి నుంచి విను" అని. పొద్దున్న వద్దు, మైకులో విన్న గుర్తుతో పోటీ పడాల్సి వస్తుంది. గీత మొదలయ్యేది విల్లు కింద పడేసి కూలబడిన మనిషితో, ముగిసేది "నా మోహం పోయింది, నువ్వు చెప్పినట్టు చేస్తాను" అని అతను లేచి నిలబడటంతో. చివరి దాకా విన్నవాళ్లు దాన్ని అశుభం అనలేరు.

పిల్లలకి ఆ గొంతు ముందు వేరే చోట పరిచయం చేయాలనుకుంటే "పుష్పవిలాపం" ఉంది. ఆ పద్యాలు మా గుంటూరు ఏసీ కాలేజీలో పనిచేసిన కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారివి. అవి గ్రామఫోను ప్లేట్ల కాలం నాటి పాటలు. 78 వేగంతో తిరిగే ప్లేటుకి ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలకి మించి పట్టేది కాదు. అంత ఇరుకులో కూడా ఆయన ఎక్కడా తొందరపడరు. పువ్వు మాట్లాడుతోందంటే పిల్లలు నమ్ముతారు.

ప్రశ్న: షేక్ చినమౌలానా గారి నాదస్వరం రికార్డు ఒకటి వింటున్నాను. మా మామగారు "పెళ్లి సన్నాయి ఇంట్లో ఎందుకు?" అంటున్నారు.
– గృహిణి, చిలకలూరిపేట

జవాబు: చిలకలూరిపేటలో ఉండి ఈ మాట అడగాల్సి వచ్చిందా అమ్మా! నాదస్వరానికి మీ ఊరు ఎంత పేరున్న ఊరో మామగారికే బాగా తెలిసి ఉండాలి. చినమౌలానా గారు 1924లో కరవదిలో పుట్టారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. ముస్లిం కుటుంబంలో పుట్టి, రంగనాథుడి ఊళ్లో ఉండి, త్యాగరాజ కృతులు వాయిస్తూ బతికిన మనిషి. పెళ్లిలో నాదస్వరం ఎవరు వింటారు చెప్పండి? తాళి కట్టేటప్పుడు గట్టిమేళం, మిగతా సేపంతా కబుర్లు. ఇంట్లోనే వినాలి. ముఖ్యంగా ఆలాపన వినండి, డోలు ఇంకా అందుకోకముందు. అంత పెద్ద నాదాన్ని ఆయన ఎంత సన్నగా తగ్గిస్తారో అక్కడే తెలుస్తుంది. మామగారికి కాఫీ ఇచ్చేటప్పుడు మెల్లగా పెట్టి చూడండి.

ప్రశ్న: ఆంటీ, నేను ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్. ఇళయరాజా "హౌ టు నేమ్ ఇట్" వింటున్నాను. కొన్ని ట్రాక్స్ ప్రాణం. కొన్ని అస్సలు ఎక్కడం లేదు, స్కిప్ చేసేస్తున్నాను. మా రూమ్మేట్ "ఇది సినిమా బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్‌లా ఉంది, ఇందులో గొప్పేముంది" అంటాడు. వాడికేం చెప్పాలి?
– విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: వాడి సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ స్కిప్ సంగతి మాట్లాడుకుందాం నాయనా.

మా షాపుకి వచ్చే చీటీల్లో పది పన్నెండు పాటలు ఉండేవి. సి-60 క్యాసెట్ అంటే ఒక వైపు అరగంట. చీటీలో ఉన్న వరసలోనే ఎక్కిస్తే అరగంట దగ్గర చివరి పాట రెండో చరణంలో తెగిపోయేది. అందుకని ప్రతి పాట నిడివీ చూసి, కలిపి, సర్ది, రెండు వైపులా పాట పూర్తిగా ముగిసేలా వరస వేసేదాన్ని. అలా వేస్తూ వేస్తూ ఒకటి గమనించాను. ఒక పాట ఎలా వినిపిస్తుందన్నది దాని ముందున్న పాట మీద చాలా ఆధారపడుతుంది. హుషారు పాట తర్వాత వచ్చిన విషాద గీతం ఒకలా ఉంటుంది. ఇంకో విషాద గీతం తర్వాత వస్తే అదే పాట నీరసంగా ఉంటుంది. చీటీ పాటలకే ఇంత తేడా ఉంటే, ఒక సంగీత దర్శకుడు కూర్చుని వేసిన వరసకి ఎంత అర్థం ఉంటుందో ఆలోచించు.

ఇప్పుడు నీ ఆల్బమ్‌కి వద్దాం. అది 1986లో వచ్చింది. త్యాగరాజుకీ, జర్మన్ సంగీతకర్త బాక్‌కీ అంకితమిచ్చారు. బాక్ 1750లో పోయాడు, త్యాగరాజు 1767లో పుట్టాడు. అంటే ఒకరి కాలంలో ఇంకొకరు లేరు, ఉన్నా కలిసే దారి లేదు. వాళ్లిద్దరినీ ఒక ఇంట్లో కూర్చోబెడితే ఏం మాట్లాడుకుంటారన్న ఊహే ఆ ఆల్బమంతా. "ఐ మెట్ బాక్ ఇన్ మై హౌస్" అన్న ట్రాక్ పేరే అది. అందులో వి.ఎస్. నరసింహన్ గారి వయొలిన్ వాయించేది ఇళయరాజా స్వరం కాదు. బాక్ ఒకే ఒక్క వయొలిన్ కోసం రాసిన మూడో పార్టిటా అనే రచనలోని మొదటి భాగం అది. బాక్ చేత్తో రాసిన ఆ ప్రతి మీద 1720 అని ఉంటుంది. ఆ వయొలిన్‌ని కదపకుండా అలాగే ఉంచి, చుట్టూ మిగతా వాద్యాలతో ఇళయరాజా తన మాట తాను చెబుతారు. అతిథిని మాట్లాడనిచ్చి, మధ్య మధ్యలో అందుకునే మర్యాద అది.

ఒక పని చెయ్యి. ఆ ట్రాక్‌ని మూడుసార్లు విను. మొదటిసారి వయొలిన్ ఒక్కటే పట్టుకుని విను. రెండోసారి వయొలిన్ వదిలేసి దాని కింద ఏం నడుస్తోందో విను. మూడోసారి రెండూ కలిపి విను. నీ రూమ్మేట్‌ని కూడా కూర్చోబెట్టు. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ ముందు ఒక సీను ఉంటుంది, సంగీతం దాని వెనక నడుస్తుంది. ఇక్కడ సీను లేదు. వాడికి అలా అనిపించడానికి కారణం కూడా ఉంది. మన చెవులు ఇళయరాజా వయొలిన్లని సినిమా హాల్లోనే మొదట విన్నాయి. పటమట పెద్దాయనకి కోడలితో వచ్చిన ఇబ్బందీ ఇదే, పైన చదువు.

స్కిప్ చేసిన ట్రాక్స్ మాత్రం ఒక్కసారి వరసలో పెట్టి మొత్తం విను. ఫోన్ పక్కన పెట్టెయ్యి, షఫుల్ ఆపెయ్యి. అప్పటికీ నచ్చకపోతే నచ్చలేదనే చెప్పు, నాకేం అభ్యంతరం లేదు. నాకు కూడా అందులో అన్నీ సమానం కావు. ఇది పూర్తయ్యాక 1988లో వచ్చిన "నథింగ్ బట్ విండ్" విను. అందులో హరిప్రసాద్ చౌరాసియా వేణువు ఉంటుంది. నా మట్టుకు నాకు రెండింటిలో మొదటిదే గొప్పది. నువ్వు ఒప్పుకోకపోతే ఎందుకో రాయి.

ప్రశ్న: మా పాప సంగీతం నేర్చుకుంటోంది. ఎమ్మెస్ సుబ్బలక్ష్మి గారి అన్నమయ్య కీర్తనలు వినిపించమని టీచర్ చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– టీచరు, తెనాలి

జవాబు: తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో 1979–80 ప్రాంతంలో వచ్చిన "బాలాజీ పంచరత్నమాల" ఉంది కదమ్మా, ఐదు ఎల్పీ రికార్డులు, అదే తీసుకోండి. అందులో అన్నమయ్యతో పాటు స్తోత్రాలూ ఉంటాయి. పాపకి ముందు "భావములోనా" వినిపించండి. తర్వాత "నానాటి బ్రతుకు నాటకము".

ఈ రెండోదాని గురించి కాస్త చెప్పాలి. అన్నమయ్య పదాలు రాగిరేకుల మీద దొరికాయి. రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఆయన ఎలా పాడారో ఎవరికీ తెలియదు. ఇవాళ మనం వినే రేవతి రాగం బాణీ నేదునూరి కృష్ణమూర్తి గారు కట్టినది. మన విజయవాడ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా కూడా పనిచేసిన మనిషి ఆయన. రేవతిలో ఐదే స్వరాలు. గాంధారం లేదు, ధైవతం లేదు. ఆ లేని స్వరాల వల్లే రాగంలో ఒక ఖాళీ వినిపిస్తుంది. "పుట్టుటయు నిజము, పోవుటయు నిజము" అన్న మాటకి ఆ ఖాళీ ఎంత అమరిందో చూడండి. పాపకి స్వరాలు వచ్చు కాబట్టి, ఏ స్వరాలు తగలడం లేదో తననే కనిపెట్టమనండి. ఎమ్మెస్ గారిది తమిళ ఊరు, మధురై. తెలుగు అక్షరం ఎక్కడైనా నలిగిందేమో వెతకమనండి. దొరకదు. మన పిల్లలకి ఇప్పుడు అది వినిపించడం చాలా అవసరం.

ప్రశ్న: మంచి సంగీతం వినాలంటే వేలు పోసి హెడ్‌ఫోన్స్ కొనాలా?
– మొబైల్ షాపు కుర్రాడు, బీసెంట్ రోడ్, విజయవాడ

జవాబు: అక్కర్లేదు. ముందు యాప్ సెట్టింగ్స్‌లో డేటా సేవర్ ఆపి, ఆడియో క్వాలిటీ పెంచు. చాలామంది అది చూసుకోకుండా హెడ్‌ఫోన్స్‌ని తిడుతుంటారు. ఒక మాదిరి వైరు ఇయర్‌ఫోన్స్ చాలు. సౌండ్ మాత్రం తగ్గించి విను, బాబూ. చెవులు పోతే తిరిగి రావు.

ప్రశ్న: ఇప్పటి సినిమాలకి ఆల్బమ్ అన్నదే లేదు. ఒక్కొక్క పాట లిరికల్ వీడియో అని నెలకొకటి వదులుతున్నారు. అన్నీ వచ్చేసరికి మొదటిది పాతబడుతోంది. పాత రోజులే నయం కదా మేడమ్?
– క్యాబ్ డ్రైవర్, సింగ్ నగర్, విజయవాడ

జవాబు: సగం ఒప్పుకుంటాను. "గీతాంజలి" క్యాసెట్ 1989లో మా షాపులో ఎంత ఆడిందో నాకు తెలుసు. పాటలన్నీ వేటూరి గారివే, సంగీతం ఇళయరాజా, మగ గొంతు బాలు గారిదే. "ఓం నమః"లో గుండె చప్పుడే తాళంగా నడుస్తుంది. కథ తెలిసినవాళ్లకి ఆ చప్పుడు వింటే భయం వేస్తుంది. "జగడ జగడ" అని చావుతో కయ్యానికి దిగిన గొంతే "ఆమని పాడవే" అని మెత్తబడటం ఒకే కూర్చోవడంలో వింటేనే తెలుస్తుంది. నెలకొక పాట వదిలితే ఆ ప్రయాణం ఉండదు.

అయితే ఆల్బమ్ చేసేవాళ్లు లేరనడం మాత్రం నిజం కాదు. 2023లో "శక్తి" బృందం "దిస్ మూమెంట్" తెచ్చింది. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, జాకిర్ హుస్సేన్ తబలా, శంకర్ మహదేవన్ గొంతు, గణేష్ రాజగోపాలన్ వయొలిన్, సెల్వగణేష్ కంజీర (చేత్తో పట్టుకుని వాయించే చిన్న డప్పు). మరుసటి ఏడాది గ్రామీ వచ్చింది. గన్నవరం ఎయిర్‌పోర్ట్ ట్రిప్పు పడ్డప్పుడు, ఖాళీ బండితో తిరిగి వచ్చేటప్పుడు పెట్టుకోండి. తబలా, కంజీర ఒకదానికొకటి జవాబిచ్చుకునే చోట మీకే ఉత్సాహం వస్తుంది. సినిమా పాటల సంగతి అంటారా, అన్నీ వచ్చేదాకా ఆగి, సినిమాలో వచ్చే వరసలో మీరే పేర్చుకోండి. నేను అదే చేస్తున్నాను.

ప్రశ్న: నాన్నగారు పోయాక ఆయన క్యాసెట్ల పెట్టె దొరికింది. రేడియోలోంచి పట్టిన భక్తిరంజని పాటలు కూడా ఉన్నాయి. కొన్నిటికి బూజు పట్టింది. టేప్‌రికార్డర్‌లో పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది.
– చేనేత వస్త్ర వ్యాపారి, మంగళగిరి

జవాబు: టెన్షన్ పడటమే మంచిది, అలాగే పెట్టకండి. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలమురళీకృష్ణ గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు అక్కడ పనిచేసినవాళ్లే. ఇంట్లో పట్టుకున్న టేపులో ఉన్నది ఇంకెక్కడా దొరక్కపోవచ్చు. కాబట్టి ఓపిగ్గా చేయండి.

ముందు క్యాసెట్ కిటికీలోంచి టేపు చుట్ట అంచు చూడండి. తెల్లగా పొడిలా కనిపిస్తే బూజు. అలాంటివి విడిగా పెట్టండి, ఆ క్యాసెట్ ఆడిస్తే బూజు మిషన్‌కి అంటి, అక్కడి నుంచి మిగతా వాటికి పాకుతుంది. నాలుగు మూలలా స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి శుభ్రం చేయించవచ్చు. అతికించినదైతే టేపు చుట్టని వేరే మంచి డబ్బాలోకి మార్చాలి. అది చేయి తిరిగినవాళ్ల పని, మొదటిసారే నాన్నగారి టేపు మీద ప్రయోగం చేయకండి. శుభ్రంగా ఉన్నవాటిని కూడా వెంటనే ప్లే చేయకండి. ఒకసారి చివరిదాకా ముందుకి తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి. ఏళ్ల తరబడి కదలని చుట్ట వదులవుతుంది. క్యాసెట్ అంచు మధ్యలో, హెడ్ తగిలే చోట చిన్న స్పాంజి ముక్క ఉంటుంది. అది ఊడిపోయి ఉంటే గొంతు ఎక్కడో బావిలోంచి వచ్చినట్టుంటుంది. టేపు పాడైందని పారేయకండి, పనికిరాని ఖాళీ క్యాసెట్‌లోంచి ఆ ముక్క తీసి పెట్టవచ్చు. సి-120 రాసి ఉన్నవి మరీ జాగ్రత్త, టేపు పల్చన, ఇట్టే చుట్టుకుపోతుంది. మిషన్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో దూదిపుల్ల తడిపి తుడవండి, ఆరాక పెట్టండి.

కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఒక వైపుకి ఒక ఫైల్ చేయండి. పాట పాటకీ ముక్కలు చేయడం తర్వాత చూసుకోవచ్చు. మధ్యలో వచ్చే అనౌన్సరు గొంతు, స్టేషన్ పేరు, సమయం చెప్పే మాటలు తీసేయకండి. నాన్నగారి చేతిరాతతో ఉన్న అట్టలు ఫొటో తీసి, ఫైలుకి అదే పేరు పెట్టండి. ఏ పాట ఎవరిదో తెలియకపోతే రాయండి, గొంతు గుర్తుపట్టేవాళ్లు మన పాఠకుల్లో చాలామంది ఉన్నారు.

ప్రశ్న: అందరినీ అడుగుతున్నారు సరే, మీరేం వింటున్నారు?
– పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: 1967లో వచ్చిన "కాల్ ఆఫ్ ది వ్యాలీ". శివకుమార్ శర్మ సంతూర్ అనే తంతి వాద్యం, హరిప్రసాద్ చౌరాసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటార్. మొదటి ఇద్దరికీ అప్పటికి ముప్ఫయ్యేళ్లు కూడా నిండలేదు. కాశ్మీరు లోయలో ఒక గొర్రెల కాపరి గడిపే ఒక రోజు అందులో కథ. అహిర్ భైరవ్ రాగంతో తెల్లవారుతుంది, పహాడీ రాగం దగ్గరికి వచ్చేసరికి రాత్రవుతుంది. అన్నయ్యకి పహాడీ ఒక్కటే కావాలి, ఇంటికి వస్తే అదే పెట్టమంటాడు. నేను అహిర్ భైరవ్ నుంచే పెడతాను. "ఇంకా ఎంతసేపు?" అని అన్నయ్య గొణుగుతూనే ఉంటాడు గానీ, లేచి మాత్రం వెళ్లడు.

వచ్చే నెలకి మీ ఉత్తరాల్లో మీరు ఇదివరకు పక్కన పెట్టేసి, మళ్లీ విన్నాక నచ్చిన ఆల్బమ్ గురించి రాయండి. ఏ పాట దగ్గర మనసు మారిందో తప్పకుండా చెప్పండి.